పెంక మీద రొట్టె ఉన్న యాళ్ళ

ఎన్ని గంటలకు తీస్కపోయిన్రు నీ కొడుకును, అని అడిగిన.
నా పెన్ను ఆగింది ఆడనే.
మంగ్తీబాయి ఇంట్ల గడియారం లేదు.
"రొట్టె పెంక మీద ఉండె, మునీర్ సాబ్."

ఇరవై రెండేండ్ల సంది దేవరకొండ కోర్టు గోడ పక్కన
జిరాక్సు డబ్బా నీడల కూసోని అర్జీలు రాస్తున్న.
తారీఖులు రాసిన, వాయిదాలు రాసిన,
సచ్చిపోయినోళ్ళ పేర్లు బతికున్నోళ్ళ పట్టాల నుంచి తీపిచ్చిన.
రొట్టెను టైము లెక్క ఎన్నడు రాయలే.

ఎవరి బాయి కాడనో మోటరు వైరు పోయిందట.
హాథీరాంను జీపెక్కిచ్చిన్రు.
ఎందుకని ఆమె అడిగితె
"ఉత్తగనే, మాట్లాడి పంపిస్తం" అన్నరట.
అది మంగళారం.
ఇయ్యాల బేస్తారం.

నాకు కాయిదం భాష నోటికొస్తది,
ఆమెకు అది పనికిరాదు.
చింతపండుల గింజ తీసినట్టు మెల్లగ తీసి చెప్పిన:

పట్టుకునే అధికారం సర్కారుకు ఉన్నదమ్మా, ఆ మాట దాచను.
కాని ఆ అధికారం మెడకు ఒక పలుపుతాడు ఉన్నది.
ఎంత దూరం మేయాల్నో
రాజ్యాంగంల ఇరవై రెండో అధికరణం కొలిచి కట్టింది.
ఎందుకు పట్టుకున్నరో చెప్పాలె,
"ఉత్తగనే" అన్నది కారణం కాదు.
వకీలుతోని మాట్లాడనియ్యాలె.
ఇరవై నాలుగు గంటల లోపట
దగ్గరున్న మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాలె,
తొవ్వల పట్టే టైము ఇడిచిపెట్టి.

"తొవ్వ ఎంతసేపు?"
ఠాణా నుంచి ఈ మెట్ల దాకా ఆటోల నలభై నిమిషాలు.
"మరి నా కొడుకు ఇంక తొవ్వలనే ఉన్నడా సాబ్?"

నేను పెన్నుకు మూత పెట్టిన, మళ్ళ తీసిన.

జరసేపటికి గొంతు తగ్గించి అడిగింది:
"వాడు నిజంగ తీసి ఉంటే?
తియ్యలేదని ఒట్టెయ్యలేను. కన్నదాన్ని, కావలి ఉన్నదాన్ని కాదు."
తీసినా సరే, అన్న.
దొంగ అని చెప్పాల్సింది కోర్టు, జీపు కాదు.
ఆ ఇరవై నాలుగు గంటలు
మంచోళ్ళకిచ్చిన ఇనాం అనుకున్నవా?

వకీలు సుగుణమ్మ ఠాణా కాయిదం నకలు తెచ్చింది.
అరెస్టు సమయం: బుధవారం, సాయంత్రం ఆరు.
ముత్యాల అసొంటి రాత. ఒక్క కొట్టివేత లేదు.
దాని లెక్కల వాడు పట్టుబడి ఇంక పదహారు గంటలే.
మంగళారం పొద్దు, మంగళారం రాత్రి,
బుధారం పగటీలి అన్నం,
యాడికి పోయినయో ఆ గడిల లేదు.

సుగుణమ్మ పండ్లు కొరికింది:
"లెక్క సిరా తాకినప్పటి సంది కాదు సాబ్,
చెయ్యి తాకినప్పటి సంది.
మనిషి ఇంటికి పోత అంటే పోనియ్యని నిమిషం ఉంటది సూడు,
అది మొదటి నిమిషం.
నాకు ఆ నిమిషం కావాలె."

మళ్ళ రొట్టె కాడికే వచ్చినం.
ఎవరికి చేస్తున్నవు ఆ రొట్టె?
పెనిమిటికి. మొదటి బస్సుకు మిర్యాలగూడ మిల్లుకు పోతడు.
బస్సు వచ్చిందా?
రాలే. మొదటి రొట్టె అది. రెండోపక్క తిప్పనే లేదు.
బస్సు ఐదు యాభైకి. డ్రైవరు ఆలస్యం అయితడు గని
ముందుగాల ఎన్నడు రాడు.

రాసిన: మంగళవారం, ఉదయం సుమారు ఐదున్నర,
అర్జీదారు రొట్టె కాలుస్తుండగా.
సుగుణమ్మ ఆఖరి మాట కొట్టెయ్యబోయి
ఏమనుకున్నదో, ఉండనిచ్చింది.

లోపట మేజిస్ట్రేటమ్మ అర్జీ చదివి తల ఎత్తింది.
"ఏం రొట్టె?"
"జొన్నరొట్టె."
"ఒకపక్క కాలనీకి ఎంతసేపు పడ్తది?"
మంగ్తీబాయి చెప్పింది. మంట ఎక్కువైతె ఇంత, పచ్చికట్టెలైతె ఇంత,
ఆనాడు పచ్చికట్టెలే.
స్టెనో అన్ని రాసుకున్నడు.

హాథీరాంను ఇప్పుడే హాజరు పర్చమని ఫోను పోయింది, పన్నెండింటికి.
రెండు కొట్టింది.
మెట్ల మీద ఆమె, పక్కన నేను.
నలభై నిమిషాల తొవ్వ.